తిరుపతిలో నాన్న డెస్క్‌టాప్, చిత్తూరులో పెద్దమ్మ ల్యాప్‌టాప్: దూరం నుంచి చూసుకోవాలంటే రిమోట్ ఏది పెట్టాలి?

తోతాపురి
అందరికీ నమస్కారం. బైరాగిపట్టెడలో నాన్న డెస్క్‌టాప్ ఉంది: విండోస్ 11 హోమ్, 8 జీబీ ర్యామ్, వైఫై ప్రింటర్, ఫైబర్ నెట్. చిత్తూరులో పెద్దమ్మది ల్యాప్‌టాప్, విండోస్ 10. అవ్వ దగ్గర ఆండ్రాయిడ్ ఫోను. నేను పూణేలో ఉంటాను. పండక్కి ఊర్లో రెండు రోజులే ఉంటాను కాబట్టి ఆ లోపల అన్నీ సెట్ చేసేయాలి. దర్శనం టికెట్టు ప్రింటు, పెన్షన్ కాగితాలు, బ్రౌజర్ నిండా నోటిఫికేషన్లు, రోజూ ఉండే గొడవలు ఇవే. అవతల ఎవరూ కూర్చోకపోయినా కనెక్ట్ అవ్వాలి, కరెంటు పోయి వచ్చాక కూడా పనిచేయాలి, డబ్బు కట్టే పని ఉండకూడదు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

పుత్తూరు కట్టు
సాఫ్ట్‌వేర్ సంగతి చివర చూద్దాం. ఏది పెట్టినా నూటికి తొంభై పాళ్ళు కనెక్ట్ కాకపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు. కంప్యూటర్ నిద్రపోయి ఉంటుంది, లేదా రూటర్ ఆఫ్ అయి ఉంటుంది, లేదా మీరు ఊర్లో ఉన్నప్పుడు ఇంటి వైఫైలోనే పరీక్షించి "పనిచేస్తోంది" అనుకుని రైలెక్కేసి ఉంటారు.

ముందు రెండు రకాలు విడదీసుకోండి. ఆ పక్క మనిషి ఉండి "సరే" నొక్కే రకం ఒకటి, ఎవరూ లేకుండా కనెక్ట్ అయ్యే రకం ఇంకొకటి. మొదటిదానికి విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ ఉంది, కొత్తగా ఏమీ వేయక్కర్లేదు. విండోస్ కీ, కంట్రోల్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసేవాళ్ళకి మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, తీసుకునేవాళ్ళకి అక్కర్లేదు. మీ వైపు కోడ్ వస్తుంది, దాన్ని ఫోన్లో నాన్నకు చెప్తారు, ఆయన కొట్టి షేర్ నొక్కుతారు. తర్వాత మీరు కంట్రోల్ అడగాలి, ఆయన మళ్ళీ ఒప్పుకోవాలి. కోడ్‌కి పది నిమిషాలే ఆయుష్షు. ఆయన కళ్ళద్దాలు వెతుక్కునే లోపు అయిపోతే ఇంకో కోడ్ తీయండి, దానికేం ఖర్చు లేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే "ఈ యాప్‌కు అనుమతి ఇస్తారా" అని అడిగే పెట్టె వస్తుంది చూడండి, అప్పుడు మీ వైపు తెర నల్లబడి ఆగిపోతుంది. కనెక్షన్ తెగిందనుకుని కట్ చేయకండి. విండోస్ ఆ పెట్టెను కావాలనే వేరే తెర మీద చూపిస్తుంది. అక్కడ నాన్నే "ఎస్" నొక్కాలి. అందుకే ఇది అత్యవసరానికి పనికొస్తుంది కానీ, దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

పలమనేరు బాట
ఇంత పురాణం ఎందుకు సామీ. ఎనీడెస్క్ వేసి పాస్‌వర్డ్ పెడితే సరిపాయె. ఊరంతా అదే వాడతా ఉంది.

స్వర్ణముఖి
విండోస్ హోమ్ కాబట్టి మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ లెక్కలోకి రాదు. హోమ్ నుంచి వేరే కంప్యూటర్‌కు వెళ్ళొచ్చు కానీ హోమ్‌లోకి రానివ్వదు, దానికి ప్రో కావాలి. ప్రో ఉన్నా రూటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచి బయటికి వదలకండి. యూట్యూబ్ వీడియోల్లో ఈ పద్ధతి ఇప్పటికీ చెప్తున్నారు. ఆ పోర్టు ఇంటర్నెట్‌లో కనిపించిన గంటల్లోనే పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు తలుపు కొట్టడం మొదలుపెడతాయి.

అసలు తెరుద్దామన్నా మన ఇళ్ళ కనెక్షన్లలో చాలావాటికి కుదరదు. కంపెనీవాళ్ళు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక వందల ఇళ్ళను పెడతారు, దీన్ని సీజీనాట్ అంటారు. మీ ఇంటి సంగతి తెలుసుకోవడం తేలికే. రూటర్ పేజీలోకి వెళ్ళి (192.168.1.1, జియో ఫైబర్ అయితే 192.168.29.1) వాన్ (బయటి నెట్ వైపు) స్టేటస్‌లో ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైనా, 10 తో మొదలైనా, బయట "నా ఐపీ ఏది" అని చూపించే సైట్‌లో వచ్చేదానికి తేడాగా ఉన్నా మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్ మీద ఒక సాయంత్రం పాడుచేసుకునే ముందు ఈ ఒక్కటి చూడండి.

కాబట్టి ఇంట్లోని కంప్యూటర్ తనంతట తాను బయటికి కనెక్ట్ అయి కూర్చునే రకమే కావాలి. ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న మెషీన్లను ఒకే ప్రైవేటు నెట్‌లో ఉన్నట్టు కలిపేది) అన్నీ అలాంటివే.

కొర్లగుంట కరెంటోడు
కరెంటు సంగతి నేను చెప్తా, ఇది ఎవురూ పట్టించుకోరు.

మొదట బయోస్, అంటే విండోస్ లేవక ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు. కరెంటు పొయ్యి వచ్చినాక సీపీయూ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు దాదాపు అన్ని డెస్క్‌టాప్ బోర్డుల్లోనూ ఉండాది, పేర్లే వేరు. ఏసుస్‌లో రిస్టోర్ ఏసీ పవర్ లాస్, గిగాబైట్‌లో ఏసీ బ్యాక్, డెల్‌లో ఏసీ రికవరీ, హెచ్‌పీ, లెనోవోల్లో ఆఫ్టర్ పవర్ లాస్. దాన్ని పవర్ ఆన్ లేదా ఆల్వేస్ ఆన్‌లో పెట్టల్ల. "లాస్ట్ స్టేట్"లో పెడితే నాయన షట్‌డౌన్ చేసి పడుకున్న రోజు కరెంటు పొయ్యొచ్చినా లేవదు.

రెండోది, ఆ సెట్టింగు నిలబడాలంటే బోర్డు మీద గుండ్రటి బిళ్ళ బ్యాటరీ బాగుండల్ల. సీఆర్ 2032, 3 వోల్టులు. నాలుగైదేండ్లు దాటిన డెస్క్‌టాప్‌లో అది చచ్చిపోయుంటే కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ మళ్ళా మొదటికొస్తుంది, తేదీ కూడా యాడికో వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సెక్యూర్ సైట్లు ఏవీ తెరుచుకోవు, రిమోట్ సాఫ్ట్‌వేర్ కూడా తన సర్వర్‌ను నమ్మదు, "ఆఫ్‌లైన్" అనే చూపిస్తుంది. నెట్ బాగుంది, లైట్లన్నీ వెలుగుతా ఉండాయి, అయినా కనెక్ట్ కాదంటే నాయనకు ఫోన్ చేసి మూలన గడియారంలో ఏ సంవత్సరం ఉందో చదవమనండి. బ్యాటరీ ఏ కంప్యూటర్ అంగట్లో అయినా దొరుకుతుంది, ఊరికొచ్చినప్పుడు అడక్కుండా మార్చెయ్యండి.

మూడోది యూపీఎస్. 600 వీఏ యూపీఎస్ మామూలు డెస్క్‌టాప్‌కు పది, పదిహేను నిమిషాలు వస్తుంది. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, రెండు మూడేండ్లకు మార్చాల్సిందే. సీపీయూ, మానిటర్ రెండే దానికి తగిలించండి. లేజర్ ప్రింటర్ మాత్రం వొద్దు, పొడిని కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు యూపీఎస్ కూలబడుతుంది.

యూపీఎస్‌కు యూఎస్‌బీ వైరు పెట్టి, బ్యాటరీ తగ్గితే దానంతట అదే షట్‌డౌన్ అయ్యేట్టు పెట్టుకుంటే ఇంకో తిరకాసు ఉండాది. కంప్యూటర్ ఆగిపోయినాక యూపీఎస్ పూర్తిగా చావక ముందే కరెంటు వచ్చిందనుకోండి, బోర్డు దృష్టిలో కరెంటు అసలు పోనే లేదు. ఇంగ ఆన్ అవ్వదు. దీనికి యూపీఎస్ సాఫ్ట్‌వేర్‌లో, షట్‌డౌన్ తర్వాత యూపీఎస్ కూడా ఆగిపోయే ఆప్షన్ ఉంటే పెట్టండి. లేకపోతే నాయన్ని బటన్ నొక్కమనడమే.

తోతాపురి
కరెంటన్నా, రూటర్‌కు ఇన్వర్టర్ లైను లేదు. దానికేం చేయాలి?

కొర్లగుంట కరెంటోడు
దానికి పెద్ద యూపీఎస్ వొద్దు. రూటర్ల కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ తీసుకోండి. తీసుకునే ముందు అడాప్టర్ మీద చదవండి: 12 వోల్టులా, 9 వోల్టులా, ఎన్ని ఆంపియర్లు, పిన్ను నడుమ ప్లస్సా మైనస్సా. ఫైబర్ పెట్టె, వైఫై రూటర్ వేరువేరుగా ఉంటే రెంటి ఆంపియర్లూ కూడండి. 1 ఆంపియర్ది ఒకటి, 1.5 ది ఒకటి ఉంటే యూపీఎస్ కనీసం 2.5 ఇవ్వల్ల. పిన్ను మందం 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి బొక్క 2.1, 2.5 అని రెండు రకాలు. వదులుగా ఉంటే గాలికి కదిలినా రూటర్ రీస్టార్ట్ అవతా ఉంటుంది, మీరేమో పూణేలో కూర్చుని నెట్ కంపెనీని తిడతా ఉంటారు.

మీ ఇంట్లో అన్నీ వెలుగుతున్నా వీధిలో కేబుల్ ఆపరేటర్ పెట్టెకు కరెంటు లేకపోతే నెట్ రాదు. దానికి మీరు చేయగలిగింది లేదు.

పుత్తూరు కట్టు
కరెంటోడు చెప్పింది బంగారం. దానికి విండోస్ వైపు కలుపుతాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్‌లోకి వెళ్ళి స్లీప్‌ను నెవర్ చేయండి. తెర ఆఫ్ అవడం పది నిమిషాలకు ఉంచుకోవచ్చు, దాంతో ఇబ్బంది లేదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, వారాల తరబడి పాత చెత్త అలాగే మోస్తుంది. పెద్దమ్మ ల్యాప్‌టాప్‌కు చార్జర్ ఉన్నప్పుడు మూత మూస్తే ఏం చేయాలన్న చోట డూ నథింగ్ పెట్టండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు మీద రైట్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్‌లో "కంప్యూటర్ దీన్ని ఆఫ్ చేయవచ్చు" అన్న టిక్ కూడా తీయండి.

బయోస్ ముట్టుకునే ముందు మాత్రం ఆగండి. విండోస్ 11 చాలా మెషీన్లలో డిస్కును అడక్కుండానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం వేస్తుంది. బయోస్‌లో కొన్ని మార్పులు చేస్తే, తర్వాత ఆన్ చేసినప్పుడు నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ నాన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుండదు. ముందే అకౌంట్‌లోకి వెళ్ళి కీ ప్రింటు తీసి బీరువాలో పెట్టించండి.

చంద్రగిరి కోట
ఇక సాఫ్ట్‌వేర్. నా ఓటు రస్ట్‌డెస్క్‌కు. ఓపెన్ సోర్స్, ఉచితం. దీని అధికారిక గిట్‌హబ్ పేజీ నుంచే దింపుకోండి, గూగుల్‌లో పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కవద్దు.

దింపిన ఫైలు డబుల్ క్లిక్ చేయగానే తెరుచుకుని పనిచేస్తుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ విండో మూస్తే అయిపోయింది, రీస్టార్ట్ అయితే రాదు. అందులోనే ఇన్‌స్టాల్ బటన్ ఉంటుంది, అది నొక్కి పూర్తిగా ఇన్‌స్టాల్ చేయాలి. అప్పుడు సర్వీస్‌గా, అంటే ఎప్పుడూ వెనక నడిచేలా కూర్చుంటుంది. ఎవరూ లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ తెర దగ్గర కూడా కనెక్ట్ అవ్వొచ్చు, పుత్తూరు అన్న చెప్పిన నల్ల తెర గొడవా ఉండదు. తర్వాత సెట్టింగ్స్, సెక్యూరిటీలో పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టండి. పెద్దది, ఇంకెక్కడా వాడనిది.

బయటి సర్వర్ మీద ఆధారపడకుండా ఉండాలంటే టెయిల్‌స్కేల్‌తో కలపండి. రెండు మెషీన్లలోనూ టెయిల్‌స్కేల్ వేస్తే ఒక్కోదానికి 100 తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. రస్ట్‌డెస్క్ సెక్యూరిటీలో డైరెక్ట్ ఐపీ యాక్సెస్ ఆన్ చేయండి, పోర్టు 21118. ఇక ఐడీ బదులు ఆ 100 అడ్రస్ కొట్టి లోపలికి వెళ్ళడమే. అక్కడే ఐపీ వైట్‌లిస్ట్‌లో (రానివ్వాల్సిన అడ్రస్‌ల పట్టిక) మీ ల్యాప్‌టాప్ టెయిల్‌స్కేల్ అడ్రస్ ఒక్కటే పెడితే పాస్‌వర్డ్ తెలిసినవాడికి కూడా తలుపు తెరుచుకోదు.

సొంత సర్వర్ పెట్టుకునే పిచ్చి ఉన్నవాళ్ళకు: 1 జీబీ ర్యామ్ వీపీఎస్ (అద్దె సర్వర్) చాలు. టీసీపీ 21115 నుంచి 21117 దాకా, యూడీపీ 21116 తెరవాలి. యూడీపీ మరిచిపోతే ఐడీ "రెడీ" అనదు. రెండు ఇళ్ళకు మాత్రం ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, వద్దు.

స్వర్ణముఖి
టెయిల్‌స్కేల్‌లో మూడు చోట్ల దెబ్బ తింటారు, పెట్టేటప్పుడే సరిచేయండి. మామూలుగా దాని లాగిన్ 180 రోజులకు గడువు తీరుతుంది. అడ్మిన్ పేజీలో నాన్నగారి మెషీన్ ఎదురుగా ఉన్న మూడు చుక్కల్లో డిజేబుల్ కీ ఎక్స్‌పైరీ నొక్కకపోతే సరిగ్గా ఆర్నెల్లకు మాయమవుతుంది, ఎందుకో అర్థం కాదు. రెండోది, విండోస్‌లో మూలనున్న టెయిల్‌స్కేల్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రిఫరెన్సెస్‌లో రన్ అనటెండెడ్ ఆన్ చేయాలి. లేకపోతే ఎవరో ఒకరు లాగిన్ అయ్యేదాకా అది లేవదు, కరెంటు పోయొచ్చిన రోజు మీకు కావలసింది ఎవరూ లాగిన్ కాకుండానే అది లేవడం.

మూడోది, అందులో చేరిన మెషీన్లన్నీ మామూలుగా ఒకదానికొకటి కనిపిస్తాయి. నాన్నగారి కంప్యూటర్‌లో చెత్త ఏదైనా చేరితే దానికి మీ ల్యాప్‌టాప్ దాకా దారి ఉన్నట్టే. మీ ల్యాప్‌టాప్‌లో అదే ప్రిఫరెన్సెస్‌లో అలౌ ఇన్‌కమింగ్ కనెక్షన్స్ టిక్ తీసేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇవేవీ వేయకండి, ఉద్యోగానికే ఎసరు.

పలమనేరు బాట
రెండేసి సాఫ్ట్‌వేర్లు, వైట్‌లిస్టులు... ఎనీడెస్క్‌లో వచ్చిన నష్టమేంది? అన్‌అటెండెడ్ పాస్‌వర్డ్ దాంట్లోనూ ఉంది కదా.

చంద్రగిరి కోట
ఉంది, పనితనం కూడా బాగుంటుంది, కాదనను. అయితే ఫ్రీ వాడకాన్ని కమర్షియల్ అని అనుమానిస్తే మధ్యలో కట్ చేస్తుంది, టీమ్ వ్యూయర్‌ది కూడా ఇదే తంతు. నాలుగు బంధువుల మెషీన్లు ఒకే చోటి నుంచి చూసేవాళ్ళకు ఈ అనుమానం తొందరగా తగులుతుంది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ సర్వర్లలోకి చొరబాటు జరిగిందని వాళ్ళే ప్రకటించారు, సర్టిఫికెట్లు మార్చి అందరినీ కొత్త వెర్షన్‌కు రమ్మన్నారు. ఊర్లో అంగడివాడు మూడేళ్ళ కిందట వేసిన పాత ఎనీడెస్క్ నాన్న కంప్యూటర్‌లో ఇంకా ఉంటే తీసేయండి. దాని పాస్‌వర్డ్ ఆ అంగడివాడికీ తెలుసు.

నగరి మగ్గం
మీ ఇద్దరి పోరు మధ్యలో క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ మరిచిపోయారు. పెద్దమ్మకు అదే మేలు. క్రోమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ గూగుల్ పేజీ తెరిచి, సెటప్ రిమోట్ యాక్సెస్ నొక్కి, దించిన దాన్ని ఇన్‌స్టాల్ చేసి, పేరు, కనీసం ఆరంకెల పిన్ పెడితే అయిపోతుంది. బ్రౌజర్ మూసి ఉన్నా పనిచేస్తుంది. రిమోట్ ఏ గూగుల్ అకౌంట్‌తో పెట్టారో ఆ అకౌంట్‌లోంచే వెళ్ళాలి కాబట్టి పెద్దమ్మ అకౌంట్‌తో పెట్టకండి. ఇంటి మెషీన్ల కోసం వేరే అకౌంట్ తెరిచి, దానికి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. పెద్దమ్మ క్రోమ్‌లో ఆ అకౌంట్‌ను సెటప్ అయ్యాక తీసేయవచ్చు, రిమోట్ పోదు.

అదే సైట్‌లో సపోర్ట్ పేజీలో అప్పటికప్పుడు ఇచ్చే కోడ్ కూడా ఉంది, 12 అంకెలు, 5 నిమిషాల్లో వాడాలి. దాంతో వెళ్తే అరగంటకోసారి అవతలి మనిషిని "ఇంకా షేర్ చేయాలా" అని అడుగుతుంది. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళిపోతే కట్.

ఏది వేసినా రెండు వేయండి. రస్ట్‌డెస్క్ ఒకటి, క్రోమ్‌ది ఒకటి. ఒకటి మొరాయిస్తే రెండోదాంట్లోంచి వెళ్ళి మొదటిదాన్ని బాగుచేసుకోవచ్చు. రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను దాంట్లో ఉండగానే అప్‌డేట్ చేస్తే మధ్యలో తెగుతుంది, అప్పుడు ఈ రెండోదే దిక్కు.

నాన్న_డెస్క్‌టాప్
[ఈ పోస్టు తీసివేయబడింది]

నిర్వాహకులు
పై పోస్టులో రిమోట్ ఐడీ, పాస్‌వర్డ్ రెండూ ఉన్న స్క్రీన్‌షాట్ పెట్టారు. తీసేశాం. దయచేసి ఇప్పుడే ఆ పాస్‌వర్డ్ మార్చుకోండి.

పుత్తూరు కట్టు
చూశారా. ఇక మోసగాళ్ళ విషయం, దీన్ని నాన్న పక్కన కూర్చుని చెప్పాలి. బ్యాంకు నుంచి, కరెంటాఫీసు నుంచి, "కేవైసీ ఆగిపోయింది" అంటూ ఫోన్ చేసేవాళ్ళు వేయించేది కూడా ఈ యాప్‌లనే. ఎనీడెస్క్ పేరు చెప్పి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది. ఇంట్లో మీరే రిమోట్ అలవాటు చేశాక వాళ్ళకు ఇది మామూలు పని అనిపిస్తుంది, ప్రమాదం అక్కడే.

కాబట్టి ఇంట్లో ఒక పద్ధతి పెట్టండి. రిమోట్ పెట్టేటప్పుడే మీరు అన్నీ పెట్టేస్తారు కాబట్టి, ఆ తర్వాత ఫోన్లో ఎవరైనా ఫలానాది డౌన్‌లోడ్ చేయమన్నా, తెర మీది అంకెలు చదవమన్నా అది మోసమే, ఆ గొంతు మీదే అయినా సరే. పెట్టేసి, నాన్నే మీ నంబరుకు తిరిగి చేయాలి. క్విక్ అసిస్ట్ కోడ్ చెప్పాల్సి వచ్చినా ఫోన్ చేసేది నాన్నే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటలో చెప్తే అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం ఎక్కువ.

కంప్యూటర్ వైపు, నాన్న రోజూ వాడే అకౌంట్‌ను స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. అడ్మిన్ అకౌంట్ వేరుగా, పాస్‌వర్డ్ మీ దగ్గర. దీంతో ఎవడో ఇన్‌స్టాల్ చేయించబోతే ఆగుతుంది. పూర్తి రక్ష అనుకోకండి, ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే ఎనీడెస్క్‌కు అడ్మిన్ అక్కర్లేదు.

ఇంకోటి, అది నాన్న కంప్యూటర్. చెప్పకుండా లోపలికి దూరకండి. రస్ట్‌డెస్క్‌లో పాస్‌వర్డ్‌తోనా, క్లిక్‌తోనా, రెంటితోనా రానివ్వాలన్న ఆప్షన్ ఉంది, రెండూ పెడితే ఆయన ఎదురుగా ఉంటే ఆయనే ఒప్పుకుంటారు, లేకపోతే మీరు పాస్‌వర్డ్‌తో వెళ్తారు. బ్యాంకు సైటు తెరిచి ఉన్నప్పుడు రిమోట్ అసలొద్దు.

తోతాపురి
అవ్వ ఫోను సంగతి?

స్వర్ణముఖి
అవ్వకు వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చాలు. 2023 నుంచి ఉంది. మీరు చూడగలరు, నొక్కలేరు. నొక్కాల్సిన చోటు చెప్పడానికి రంగు, ఆకారం చెప్పండి, "కింద ఎడమ పక్క పచ్చ గుండ్రం" అంటే అవ్వకు అందుతుంది. షేర్ చేస్తున్నంతసేపు వచ్చే ఓటీపీలు కూడా మీకు కనిపిస్తాయి, అదే పని వేరేవాడు చేయిస్తే వాడికీ కనిపిస్తాయి.

మీరే నొక్కాలంటే టీమ్ వ్యూయర్ క్విక్ సపోర్ట్ లాంటిది, దాని యాడ్ ఆన్‌తో కలిపి, ప్లే స్టోర్ నుంచే వేయండి. యాక్సెసిబిలిటీ అనుమతి (ఆ యాప్ తెర మీద నొక్కడానికి) ఇవ్వాలి. బయటి ఫైలు నుంచి వేస్తే ఆండ్రాయిడ్ 13, ఆ పైవాటిలో "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని ఆ అనుమతి బూడిద రంగులో ఉండిపోతుంది. పని అవగానే యాక్సెసిబిలిటీ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు, అవ్వ "ఫోన్ పే రాలేదు" అని మళ్ళీ మీకే ఫోన్ చేస్తుంది.

నగరి మగ్గం
ప్రింటర్ గురించి ఎవరూ అనలేదు. రిమోట్‌లో వెళ్ళి మీరు ఎక్కువసార్లు చేసేది ఇదే: "ప్రింటర్ ఆఫ్‌లైన్". వైఫై ప్రింటర్‌ను విండోస్ తనంతట తాను కలిపితే డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు వాడుతుంది, కరెంటు పోయొచ్చాక అది తప్పిపోతుంది. ఊర్లో ఉన్నప్పుడే రూటర్‌లో ప్రింటర్‌కు ఒకే అడ్రస్ ఖాయం చేయండి, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అంటారు. తర్వాత ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్‌లో యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని ఆ అడ్రస్ ఇవ్వండి. దర్శనం టికెట్టు పీడీఎఫ్ నాన్న డెస్క్‌టాప్ మీద పడేసి ప్రింటు కొట్టడం తర్వాత పది సెకన్ల పని.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా రిమోట్‌లో తప్పు అంటుంటే లాక్ తెర మీద కుడివైపు కింద భాష చూడండి. నాన్న తెలుగు కీబోర్డ్ వాడి అలాగే వదిలేసి ఉంటారు, మీరు కొట్టే ఇంగ్లిష్ అక్షరాలన్నీ అక్కడ తెలుగు అవుతాయి. విండోస్ కీ, స్పేస్‌తో మార్చండి.

పెద్దమ్మ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళవాళ్ళకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఉన్నాయి, కానీ అడిగి చేరాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని ఉంటుంది.

పుత్తూరు కట్టు
అన్నీ అయ్యాక పరీక్ష ఇలా చేయండి. మీ ల్యాప్‌టాప్‌ను ఇంటి వైఫై నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. నాన్న కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, లాగిన్ కాకుండా వదిలేయండి. రెండు నిమిషాలాగి కనెక్ట్ అవ్వండి. తర్వాత షట్‌డౌన్ చేసి, యూపీఎస్ స్విచ్ ఆపి, నిమిషమాగి వేయండి, దానంతట లేచిందా చూడండి. చివరగా రూటర్ ప్లగ్ పీకి పెట్టండి. మూడింటిలోనూ లోపలికి వెళ్ళగలిగితేనే పూణే రైలెక్కండి.

ఒక కాగితం రాసి మానిటర్ పక్కన అతికించండి. ఫైబర్ పెట్టె మీద ఏ లైటు ఏమిటో తెలుగులో రాయండి. ఎల్ఓఎస్ ఎర్రగా వెలుగుతుంటే తీగలో కాంతి రావడం లేదని, అది కేబులాయన పని. ఆకుపచ్చ మొన ఉన్న సన్న తీగను పీకి తుడిచి పెట్టవద్దని పెద్ద అక్షరాల్లో రాయండి. అలిపిరి, కపిలతీర్థం పక్క ఇళ్ళల్లో కోతులు ఆ తీగల మీద ఊగుతాయి, అప్పుడు మీ రిమోట్ ఏం చేస్తుంది?

తోతాపురి
హాట్‌స్పాట్ నుంచి పరీక్షించాను, మూడూ పాసయ్యాయి. కానీ టెయిల్‌స్కేల్‌లో "రిలే" అని చూపిస్తోంది, మౌసు కాస్త వెనకబడుతోంది. స్వర్ణముఖి అక్కా, ఇది ఇలాగే ఉంటుందా?

స్వర్ణముఖి
రెండు వైపులా సీజీనాట్ ఉంటే నేరుగా కలవలేక టెయిల్‌స్కేల్ వాళ్ళ రిలే (నడుమ ఉండే సర్వర్) గుండా పోతుంది. బెంగళూరులోనే వాళ్ళకు రిలే ఉంది కాబట్టి సరిగ్గా దాన్నే పట్టుకుంటే వాడుకోదగ్గంత వేగం ఉంటుంది. రస్ట్‌డెస్క్ పైన పట్టీలో క్వాలిటీని ఆప్టిమైజ్ రియాక్షన్ టైమ్‌కు మార్చండి, డెస్క్‌టాప్ బొమ్మ కనిపించకుండా పెట్టండి, నాన్నగారి తెర రిజల్యూషన్ తగ్గించకండి, ఆయనకు ఐకాన్లు చెదిరిపోతాయి.

నేరుగా కలవాలంటే ఐపీవీ6 (ఒక్కో మెషీన్‌కు సొంత బయటి అడ్రస్ ఇచ్చే కొత్త రకం) దారి. మొబైల్ నెట్‌లో అది మామూలుగా ఉంటుంది, ఇంటి ఫైబర్ రూటర్‌లోనే ఆఫ్‌లో ఉండి ఉంటుంది. వాన్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4తో పాటు ఐపీవీ6 కూడా ఎంచుకుని, లాన్ (ఇంటి లోపలి) వైపు కూడా ఆన్ చేసి, పెట్టెను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఆ పేజీ మీకు తెరుచుకోకపోతే కేబులాయన్ను అడిగితే ఆయన వైపు నుంచి చేస్తారు. నాన్నగారి నెట్‌వర్క్ వివరాల్లో 2 తో మొదలయ్యే పొడుగాటి అడ్రస్ వచ్చిందంటే చాలు, టెయిల్‌స్కేల్ దానంతట అదే రిలే వదిలేసి డైరెక్ట్‌కు మారుతుంది. ఎఫ్, ఇ, 8, 0 తో మొదలయ్యేది ఒక్కటే కనిపిస్తే ఇంకా రానట్టు.